చెరువు గట్టు మీద నుంచి అరిచిన మాట

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, ఇన్ని సంఘాల యువజనులు కూడుకున్న ఈ ఏలూరు కూడికలో నన్ను కూడా ఒక మనిషిగా పిలిచి నిలబెట్టినందుకు వందనాలు. ముందే ఒక మాట చెప్పేస్తాను. సాక్ష్యం చెప్పడానికి లేచినవాళ్ళు సాధారణంగా ‘ఒకప్పుడు రోగిని, ఇప్పుడు బాగుపడ్డాను’ అంటారు. నేను అలా అనలేను. నా రోగం ఇంకా నాతోనే ఉంది, పొద్దున టిఫిను తిని బిళ్ళ వేసుకునే బస్సెక్కాను. అయినా దేవుడు నన్ను విడిపించాడు! దేని నుంచి విడిపించాడో చెప్పాలంటే తల ఎత్తుకోలేని సంగతులు కొన్ని చెప్పాలి. కాస్త ఓపిక పట్టండి, నా మొహంలోకి మరీ అంత సూటిగా చూడకండి.

నా పేరు సుహాసిని. మాది తాడేపల్లిగూడెం. నాన్నగారు రైసు మిల్లులో పనిచేస్తారు, అమ్మ ఇంట్లో బట్టలు కుడుతుంది, నేను ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో ఒకటో తరగతి పిల్లలకు పాఠాలు చెబుతాను. ఇంటర్ చదివే రోజుల్లో ఒక ఉదయం జడ వేసుకుంటూ వేసుకుంటూ అద్దం ముందు పడిపోయానట, కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయట, అమ్మ కేకలు విని పక్కింటివాళ్ళు పరుగెత్తుకొచ్చి నా గుప్పిట్లో తాళాల గుత్తి పెట్టారట! నాకేమీ తెలియదు. లేచేసరికి ఇంటినిండా జనం, నా నోట్లో రక్తపు రుచి. ఏలూరు తీసుకొచ్చి చూపిస్తే డాక్టరుగారు ఫిట్స్ అన్నారు. రోజూ బిళ్ళలు వేసుకోవాలి, నిద్ర చెడగొట్టుకోకూడదు, కడుపు మాడ్చుకోకూడదు, నీళ్ళ దగ్గర ఒంటరిగా ఉండకూడదు, ఇవి పాటిస్తే అందరిలాగే బతకొచ్చు అని ఎంతో నెమ్మదిగా చెప్పారు. ఆయన చెప్పినదాంట్లో ‘అందరిలాగే’ అన్న మాట అమ్మకు వినబడలేదు. ఆసుపత్రి మెట్లు దిగుతూనే నా చెయ్యి పట్టుకుని, “ఎవరడిగినా లో బీపీ అని చెప్పవే తల్లీ. ఆడపిల్లవి, ఈ మాట బయటకి పొక్కిందంటే నిన్నెవరూ దగ్గరికి రానివ్వరు” అంది. అమ్మను తప్పుపట్టను. భయంతో అంది. నేను మాత్రం ఆ మాటను ఆజ్ఞలా పట్టుకున్నాను.

మా వీధి చివర మెడికల్ షాపుంది, కానీ ఆ షాపాయన మా సంఘస్థుడే! అందుకని బిళ్ళల కోసం బస్సెక్కి ఏలూరు వచ్చేదాన్ని. అట్ట మీద పేరు కనబడకుండా కాగితం చుట్టి, సంచి అడుగున పౌడరు డబ్బా కింద పెట్టుకునేదాన్ని. దొంగసరుకు మోసేవాళ్ళకు కూడా అంత జాగ్రత్త ఉండదేమో!

ఇక మా యువజన సంఘం సంగతి. మాకు సంవత్సరమంతా ఏదో ఒక సందడే. డిసెంబరు వస్తే కర్రకు నక్షత్రం కట్టుకుని, ఆటోలో కీబోర్డు పెట్టుకుని ఇంటింటికీ పాటలు, ఎండలు ముదిరే ముందు శ్రమల కాలపు ఉపవాసాలు, మట్టల ఆదివారం ఊరేగింపు, ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటలో ఆరాధన, వేసవి సెలవుల్లో పల్లెటూళ్ళో పిల్లలకు వీబీఎస్ బైబిలు తరగతులు, వరి కోతలయ్యాక కోతకాలపు పండుగ. వీటన్నిటికీ పెద్ద దిక్కు మా ప్రభుదాసు అన్న. ఆయన గొంతెత్తి ‘స్తోత్రం’ అంటే కిటికీ తలుపులు అదురుతాయి. అనిత అక్క మా ఆడపిల్లలకు నాయకురాలు, మాట తక్కువ, కళ్ళు మాత్రం అన్నీ చూస్తాయి. వీళ్ళ మధ్య నేను ఎప్పుడూ వెనక బెంచీయే. క్రిస్మస్ పాటలకు వెళ్ళినా, నిద్ర చెడకూడదు కదా, తొమ్మిదయ్యేసరికి తలనొప్పి అని ఇంటికి పారిపోయేదాన్ని. “తొమ్మిది గంటల సుహాసిని వెళ్ళిపోతోందర్రా, టైము చూసుకోండి” అని ఏడిపించేవారు. నవ్వేసేదాన్ని. ఇంటికొచ్చి ఏడ్చేదాన్ని.

పోయిన సంవత్సరం శ్రమల కాలంలో జరిగింది ఇది. మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. శుక్రవారం నాడు యువజనులందరం పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా సాయంత్రం దాకా చర్చిలోనే ప్రార్థనలో ఉంటాం. అంతవరకు ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకున్నాను, ఆ ఏడు అయ్యగారు నా పేరు కూడా చదివారు. ఆయన మా పాస్టరుగారు, ఆయన మాట కాదనలేను. ఇంకో దురాశ కూడా ఉంది నాకు. ఆ వారమంతా మోకాళ్ళ మీద పడి ఇలా అడిగాను: “ప్రభువా, ఈ రోగం తీసెయ్యి తండ్రీ, తీసేస్తే ఇక ఎవరికీ చెప్పక్కర్లేదు, బతికినన్నాళ్ళూ నీ పాటలు పాడుకుంటాను తండ్రీ!” వింటున్నారా సహోదరులారా, నేను అడిగింది స్వస్థత కోసం కాదు, దాచుకోవడం సులువవుతుందని! విశ్వాసం చూపించాలని బిళ్ళలు కూడా మానేశాను. అమ్మకు కూడా చెప్పలేదు.

శుక్రవారం మధ్యాహ్నం అందరూ ఒకేసారి బిగ్గరగా ప్రార్థిస్తున్నారు, పైన ఫ్యాన్లు తిరుగుతున్నా చెమటలు కారిపోతున్నాయి, ఇంతలో నాకు మాడిన అన్నం వాసన వచ్చింది. పడిపోయే ముందు ప్రతిసారీ నాకు అదే వాసన వస్తుంది. లేచి బయటికి వెళ్ళాలనుకున్నాను. అంతవరకే గుర్తుంది.

కళ్ళు తెరిచేసరికి నా తల మీద చేతులే చేతులు! చప్పట్లు, ఏడుపులు, హల్లెలూయలు! మా ప్రార్థనల్లో వణకడం, కింద పడడం కొత్తేమీ కాదు, అది మీకూ తెలుసు, అందుకని అందరూ నా మీదికి ఆత్మ దిగిందనుకున్నారు. ప్రభుదాసు అన్న కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగా “సుహాసినిని ప్రభువు ముట్టాడు! మన ఉపవాసం వృథా పోలేదు, స్తోత్రం!” అని అరుస్తున్నాడు. నాలుక కొరుక్కోవడం వల్ల మాట తిరగక అమ్మను పిలవమని ఏదో గొణిగితే ఆత్మ ఇచ్చే అన్యభాషలతో మాట్లాడుతోందన్నారు. అంతకంటే చెప్పుకోలేనిది ఇంకొకటుంది. నా బట్టలు తడిసిపోయాయి. అది తెలిసిన క్షణంలో భూమి నోరు తెరిచి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది! దేవుని దయ, అదే సమయానికి అయ్యగారి కోసం పెట్టిన మంచినీళ్ళ జగ్గు ఎవరి కాలో తగిలి పక్కనే ఒలికిపోయింది, నా కింద చాప అంతా తడిసిపోయింది, ఎవరూ ఏమీ అనుకోలేదు. అనిత అక్క ఒక్కతే గబగబా నన్ను లేవదీసి వెనకగదిలోకి తీసుకుపోయి, తన ఇంటి నుంచి బట్టలు తెప్పించి ఇచ్చింది. నా మొహంలోకి చూడలేదు. ఒక్క మాట అడగలేదు.

ఇంటికి వచ్చాక నా నాలుక చూసి అమ్మకు అంతా అర్థమైపోయింది. గోడకు చేరబడి చాలాసేపు కూర్చుంది. అప్పటికే సంఘం ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురు వచ్చి “నీ కూతురు ధన్యురాలమ్మా” అని చెప్పి వెళ్ళారు. అమ్మ అంది: “పోనీలే, అలాగే అనుకోనీ. రోగం అనుకోవడం కంటే అది నయమే కదే.” నేను బిళ్ళ అడిగి వేసుకున్నాను.

అక్కడే ఆగిపోయి ఉంటే నేను ఈ రోజు ఇలా నిలబడేదాన్ని కాదేమో. ఆగలేదు. వెనక బెంచీదాన్ని ముందు వరుసలోకి వచ్చేశాను! మట్టల ఆదివారం ఊరేగింపులో ఈతమట్ట చేతికిచ్చి నన్నే ముందు నడిపించారు, ఈస్టరు నాడు చీకటి విడవకముందే సమాధుల తోటలో మొదటి ప్రార్థన నాతోనే చేయించారు, ఇంజినీరింగు పిల్లలు తప్పిన పరీక్షల కోసం, కోడళ్ళు అత్తల కోసం, అత్తలు కోడళ్ళ కోసం నా దగ్గరికి వచ్చి “మా గురించి ఒక్కసారి ప్రార్థన చెయ్యమ్మా” అనేవారు. చేసేదాన్ని. చెబుతుంటే చెవులు కాలిపోతున్నాయి గాని, అది నాకు బాగుండేది సహోదరులారా! ఇన్నేళ్ళూ నన్ను చూసి ఎవరు పక్కకు జరుగుతారో అని భయపడినదాన్ని, ఇప్పుడు అందరూ నా చెయ్యి తల మీద పెట్టించుకోవాలని జరిగి జరిగి దగ్గరికొస్తున్నారు. నిజం చెబితే ఆ చేతుల్లో ఒక్కటీ మిగలదని భయం. పొద్దునా రాత్రీ తలుపు గడియపెట్టుకుని బిళ్ళ మింగడం, పగలంతా దేవుడు ముట్టిన పిల్లలా తిరగడం. అలా వేసవి వచ్చేసింది.

ప్రతి వేసవిలోనూ మా యువజన సంఘం కొల్లేటి లంక గ్రామం ఒకదానికి వీబీఎస్ జరపడానికి వెళుతుంది. ఏలూరు దాకా బస్సులో, అక్కడి నుంచి చేపల చెరువుల మధ్య గట్టు రోడ్డు మీద ఆటోలో. ఎటు చూసినా నీళ్ళు, కొంగలు, గుర్రపుడెక్క, ఎండకు తళతళలాడే చెరువులు. మా గూడెం మిల్లుల్లో ఆడిన తవుడే అక్కడి చేపలకు మేత, అందుకని మా నాన్నగారు “అక్కడివాళ్ళు మనకు చుట్టాలేనే” అని నవ్వుతుంటారు. ఆ ఊరి విశ్వాసులు ఎంత ప్రేమగలవాళ్ళో! పూటపూటకీ చేపల పులుసు, ఉన్న ఒక్క ఫ్యానూ మా గదికే. పిల్లలకు పాటలు నేర్పడం, రంగుకాగితాలతో కిరీటాలు చెయ్యడం, సాయంత్రం పెద్దలతో కూడిక. ఎంత సంతోషంగా ఉండాల్సిన రోజులు!

రెండో రోజు సాయంత్రం పిల్లలు వెళ్ళిపోయాక ఒక భార్యాభర్తలు చర్చిలోకి వచ్చారు. ఆయన పేరు ఏసుపాదం, చేపల చెరువు మీద పనిచేస్తారు, బక్కపలచని మనిషి, చొక్కా అంతా తవుడు వాసన. ఆమె పేరు రత్నమ్మ. ఆమె నా కాళ్ళ దగ్గర కూర్చోబోతే నేను కంగారుపడి లేపాను. “మీ మీదికి ఆత్మ దిగిందని మా చెల్లెలు గూడెం నుంచి ఫోన్లో చెప్పిందండీ. మా ఆయనకి ఫిట్సండీ. పడవేసుకుని చెరువు మధ్యకి వెళ్ళి మేత సంచులు కట్టే పనండీ ఆయనది. ఎప్పుడేమవుద్దోనని నా ప్రాణం నా దగ్గర ఉండదండీ. చెరువు గుమాస్తాగారికి తెలిస్తే పనిలోంచి తీసేస్తారని ఎవరికీ చెప్పలేదండీ. మీరొక్కసారి చెయ్యి పెట్టండమ్మా” అంది. ఆయన జేబులోంచి బిళ్ళల అట్ట తీసి చూపించారు. అదే బిళ్ళ! నా సంచిలో పౌడరు డబ్బా కింద ఉన్నదే!

నేను ఏం చేయాలి సహోదరులారా? అప్పుడే ఆ అట్ట పక్కన నా అట్ట తెచ్చి పెట్టాలి. నేనేం చేశానో తెలుసా? చెయ్యి చాపి ఆయన తల మీద పెట్టాను. “ప్రభువా, నీ దాసుణ్ణి ముట్టు తండ్రీ, ఈ బంధకాలు తెంచు తండ్రీ, నన్ను ముట్టినట్టే ఈయన్నీ ముట్టు తండ్రీ!” అన్నాను. గొంతు ఎక్కడా తడబడలేదు. మావాళ్ళందరూ చుట్టూ నిలబడి కన్నీళ్ళతో ఆమేన్ అన్నారు. ప్రార్థన అయ్యాక ఏసుపాదంగారు లేచి, అట్ట భార్య చేతికిచ్చి, “ఇంకివి వేసుకోనండీ. వేసుకుంటే నమ్మకం లేనట్టే కదండీ?” అని నన్నే అడిగారు. నా జవాబు కోసం అందరూ చూస్తున్నారు. నేను “ఆమేన్” అన్నాను. చిన్న మాట. అంత అబద్ధం నా జన్మలో ఆడలేదు.

ఆ పూట భోజనాలయ్యాక స్నానాలగదిలోకి వెళ్ళి నా బిళ్ళ నేను మింగాను.

మర్నాడు పొద్దున పిల్లలందరూ కిరీటాలు పెట్టుకుని చాపల మీద కూర్చున్నారు, ఆరంభ ప్రార్థన నన్ను చెయ్యమన్నారు. కళ్ళు మూసుకుని “ప్రభువా” అన్నాను, ఆ పైన మాట రాలేదు. మళ్ళీ “ప్రభువా” అన్నాను. మూసిన కళ్ళ ముందు ఏసుపాదంగారి మొహమే! లోపల నుంచి ఒకటే ప్రార్థన వచ్చింది, “ప్రభువా, ఆయన ఇప్పుడు ఎక్కడున్నాడు?” కళ్ళు తెరిచి చూస్తే రత్నమ్మగారు చర్చి అరుగు మీద పిల్లల ఉప్మాకి ఉల్లిపాయలు తరుగుతున్నారు. ప్రార్థన అక్కడే వదిలేసి వెళ్ళి ఆయన ఎక్కడని అడిగాను. ఆమె మొహం వెలిగిపోతూ, “చెరువు మీదకి వెళ్ళారండీ, మేత కట్టడానికి. రాత్రీ వేసుకోలేదు, పొద్దున్నా వేసుకోలేదండీ బిళ్ళ! మీ మాట మీద నమ్మకంతో ఒక్కరే వెళ్ళారండీ!” అంది.

నేను పరుగెత్తాను. చెప్పులు కూడా వేసుకోలేదు. వెనక అనిత అక్క పిలుస్తోంది, ప్రభుదాసు అన్న ఏమైందమ్మా అంటున్నాడు, పిల్లలంతా కిరీటాలతో నా వెంట పడ్డారు, రత్నమ్మగారు కత్తిపీట వదిలేసి వస్తోంది. గట్టు ఎక్కి చూద్దును కదా, చెరువు నడిమధ్య ఆయన చిన్న పడవలో, పాతిన గెడకు తవుడు సంచి కట్టడానికి నడుము దాకా నీళ్ళ మీదకు వంగి ఉన్నారు!

“ఏసుపాదంగారూ, ఒడ్డుకు రండీ!” అని కేకేశాను. ఆయన నన్ను చూసి చెయ్యి ఊపి, “ప్రార్థన బాగా పనిచేసిందమ్మా! ఒళ్ళంతా తేలిగ్గా ఉందమ్మా!” అని అరిచారు. సహోదరులారా, ఆ మాట నా గుండెల్లో ఎలా గుచ్చుకుందో నేను చెప్పలేను. “నాకూ ఫిట్సేనండీ!” అన్నాను. నీళ్ళు తోడే ఇంజను మోతలో ఆయనకు వినబడలేదు. “ఏంటమ్మా?” అన్నారు. ఇంకా గట్టిగా అరిచాను. “వినబళ్ళేదమ్మా!” గట్టు మీద పనివాళ్ళు మా గోల చూసి ఇంజను ఆపేశారు. ఒక్కసారిగా అంతా నిశ్శబ్దమైపోయింది. ఇటు మావాళ్ళు, అటు పనివాళ్ళు, చెరువు గుమాస్తా, అందరూ నా వైపే చూస్తున్నారు. మా వీధి మెడికల్ షాపాయనకు తెలియకూడదని ఏలూరు దాకా తిరిగినదాన్ని, నా రోగం పేరు చెరువు అవతల ఒడ్డుకు వినబడేలా అరవాల్సి వచ్చింది!

“నాకూ ఫిట్సేనండీ! నేను పడిపోయింది ఆత్మ దిగి కాదండీ, బిళ్ళలు మానేస్తే పడ్డానండీ! రోజూ బిళ్ళ వేసుకుంటానండీ, నిన్న మీకు ప్రార్థన చేసి వెళ్ళి కూడా వేసుకున్నానండీ! మీరు మానకండీ! మీకు దండం పెడతాను, వచ్చెయ్యండీ!”

ఆయన వంగినవాడు అలాగే నెమ్మదిగా పడవలో కూర్చుండిపోయారు. తరువాత గెడ తీసుకుని ఒడ్డుకు తోసుకుంటూ వచ్చారు. పడవ గట్టుకు తగిలేదాకా నేను ప్రార్థించింది ఒక్కటే, “ప్రభువా, ఈయన గట్టు ఎక్కేదాకా పట్టుకో తండ్రీ, తరువాత నన్నేం చేసినా సరే తండ్రీ.” ఆయన గట్టెక్కారు. దేవునికే మహిమ! ఎక్కి, కోపంగా కూడా కాదు, “నిన్న అడిగాను కదమ్మా. అప్పుడే చెప్పొచ్చు కదమ్మా” అన్నారు.

 

రత్నమ్మగారు మాత్రం ఊరుకోలేదు. “మా ఆయన నీళ్ళల్లో పడిపోయుంటే మీరు దేవుడికి ఏం చెప్పుకునేవారండీ? మాకేం చెప్పేవారండీ?” అని నిలదీసింది. అంత కోపంలోనూ అండీ అనడం మానలేదు, అది నాకు ఇంకా సిగ్గనిపించింది. ఆమె కొంగు ముడిలోంచి బిళ్ళల అట్ట తీసింది. “పొయ్యిలో వేద్దామనుకున్నాను, చేతులు రాలేదు” అంది. ఆయన అక్కడే కూర్చుని బిళ్ళ వేసుకున్నారు. ఆ రోజే ఏలూరు వెళ్ళి డాక్టరుగారికి చూపించుకోమని చెప్పాం, వెళ్ళారు. నా బిళ్ళ వేళ కూడా దాటిపోయింది. సంచి తెప్పించుకుని, పౌడరు డబ్బా తీసి పక్కన పెట్టి, అందరి ముందూ అట్ట విప్పి, ఆయన తాగిన సీసాలోని నీళ్ళతోనే వేసుకున్నాను. అంతమంది చూస్తుండగా బిళ్ళ మింగడం అదే మొదటిసారి. గొంతులో అడ్డుపడింది, ఇంకో గుక్క తాగాను.

ఇంకో తప్పు కూడా చెప్పాలి. నా రహస్యంతో పాటు ఆయన రహస్యం కూడా ఆ గట్టు మీదే బయటపెట్టేశాను. గుమాస్తా అంతా విన్నాడు. ఏసుపాదంగారిని ఇక పడవ ఎక్కవద్దన్నారు, కొన్నాళ్ళు పనికి కూడా రానివ్వలేదు. ఆ ఊరి పాస్టరుగారు, ప్రభుదాసు అన్న వెళ్ళి బతిమాలగా బతిమాలగా గట్టు మీద మేత బస్తాలు ఎత్తే పనికి తీసుకున్నారు. ఆ కొన్నాళ్ళూ ఆ ఇంట్లో పొయ్యి వెలిగించిన ప్రతిసారీ నన్ను తిట్టుకునే ఉంటారు, తిట్టుకునే హక్కు వాళ్ళకుంది.

తిరుగు ప్రయాణంలో బస్సులో నా పక్కన ఎవరూ కూర్చోలేదు. అనుకున్నంతా అయిందనుకున్నాను. సగం దారిలో అనిత అక్క వచ్చి కూర్చుంది. “ఆ రోజు చర్చిలో జగ్గు ఎవరి కాలో తగిలి ఒలికిందనుకున్నావు కదే? నేనే తన్నాను” అంది. నేను నమ్మలేక చూశాను. “మా బాబాయికి ఉండేది. చూడగానే తెలిసింది. అడిగితే చర్చికి రావడం మానేస్తావేమోనని ఊరుకున్నాను. ఊరుకోవడం నా తప్పే” అని నా భుజం మీద చెయ్యి వేసింది. అప్పుడు ప్రభుదాసు అన్న కూడా ముందు సీటులోంచి తిరిగి, “మొదట స్తోత్రం అని అరిచింది నేనేనమ్మా. నిన్ను ఒత్తిగిలించి పడుకోబెట్టాల్సింది పోయి చప్పట్లు కొట్టాను” అన్నాడు. కిటికీలు అదరగొట్టే ఆ గొంతు అప్పుడు నాకు కూడా సరిగా వినబడనంత చిన్నదైపోయింది.

ఆదివారం సంఘం ముందు నిలబడి అంతా చెప్పాను. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. అందరూ వచ్చి కౌగిలించుకున్నారని చెబితే అది ఇంకో అబద్ధం అవుతుంది. కొందరు కౌగిలించుకున్నారు. కొందరు ఇన్నాళ్ళూ మమ్మల్ని మోసం చేశావన్నారు, అది నిజమే. నాతో ప్రార్థన చేయించుకున్న ఒకావిడ ఇప్పటికీ నేను ఎదురొస్తే అవతలి వైపుకు పోతుంది. అయ్యగారు మాత్రం ఆ రోజు ప్రసంగం చెయ్యలేదు. “ఈ పిల్ల ఉపవాసం ఉండగలదో లేదో నేను అడగకుండానే పేరు చదివాను, నన్ను క్షమించండి” అని సంఘాన్ని అడిగారు. ఇప్పుడు మా దగ్గర ఏ ఉపవాస ప్రార్థన పెట్టినా ముందు ఆయనే అడుగుతారు: “బిళ్ళలు వేసుకునేవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఉంటే తిని వేసుకుని రండి, దేవుడు మీ ప్రార్థన తక్కువగా వినడు.” అలా అడిగిన మొదటి రోజే, షుగరని ఒకరు, థైరాయిడని ఒకరు, నిద్రపట్టక మందులు వాడుతున్నానని ఒకరు మెల్లగా చేతులెత్తారు! నాలాగా ఎంతమంది సంచి అడుగున దాచుకుని కూర్చున్నారో అనుకున్నాను.

పోయిన క్రిస్మస్‌కు పాటలకు వెళ్ళాం. సాయంత్రం దీపాలు పెట్టే వేళ, మార్కెట్ యార్డు వైపు రోడ్డు మీద, రెండో ఇల్లు కూడా కాలేదు, నాకు మళ్ళీ మాడు వాసన వచ్చింది. “అక్కా, వస్తోంది” అన్నాను. అలా ముందుగా ఒకరికి చెప్పడం నా బతుకులో అదే మొదలు. తరువాత వాళ్ళు చెప్పారు, ప్రభుదాసు అన్న నన్ను పక్కకు ఒత్తిగిలించి తల కింద తన స్వెట్టరు పెట్టాడట, ఎవరో తాళాలు తెస్తుంటే వద్దండీ అని ఆపాడట. నాకు తెలివి వచ్చేసరికి స్తోత్రాలు లేవు, చప్పట్లు లేవు. నా తల అనిత అక్క ఒళ్ళో ఉంది. మా ఆడపిల్లలందరూ నా చుట్టూ గుండ్రంగా, నాకు వీపులు పెట్టి, రోడ్డు మీద పోయేవాళ్ళకు నేను కనబడకుండా చున్నీలు విప్పి పట్టుకుని నిలబడ్డారు. ఒక్కరు కూడా వెనక్కి తిరిగి నన్ను చూడలేదు సహోదరులారా! నా బట్టలు ఆ రోజు కూడా తడిశాయి. సిగ్గు వేసింది, వేయలేదని చెప్పను. కానీ ఆ సిగ్గును నేనొక్కదాన్నే మోయడం లేదు.

దేవుడు నన్ను విడిపించింది దీని నుంచే. రోగం తీసెయ్యమని ఇప్పటికీ అడుగుతున్నాను, తీసేస్తే మహిమ ఆయనదే, తీసెయ్యకపోయినా మహిమ ఆయనదే. ఇప్పుడు నా ప్రార్థన మాత్రం మారింది: “ప్రభువా, నన్ను బాగుచెయ్యి తండ్రీ. అందాకా నన్ను దాక్కోనివ్వకు తండ్రీ.”

ప్రియ సహోదరులారా, సహోదరీలారా, వచ్చే శుక్రవారం నుంచి మీ మీ సంఘాల్లో ఉపవాసాలు మొదలవుతాయి. మీలో ఎవరైనా సంచి అడుగున ఏదైనా దాచుకుని ఇక్కడ కూర్చుని ఉంటే, అది రోగమైనా కావచ్చు, అలవాటైనా కావచ్చు, ఇంట్లో దెబ్బలైనా కావచ్చు, భయపడకండి. వెనక వరుసలో గళ్ళ చొక్కాతో కూర్చున్న ఆయనే ఏసుపాదంగారు, పక్కన రత్నమ్మగారు. నేను రమ్మని అడగడానికి మొహం చెల్లక ఊరుకుంటే, వాళ్ళంతట వాళ్ళే కొల్లేటి నుంచి వచ్చారు. కూడిక అయిపోయాక మేము ముగ్గురం ఆ వేపచెట్టు కింద కూర్చుంటాం. మీరు వస్తే తల మీద చెయ్యి పెట్టేముందు, మీకేమైందో అడుగుతాం. మీరు చెప్పేదంతా వింటాం. దేవుడు మనల్ని ఎరిగినవాడే, ఆయన్ని నమ్మండి! ఆయనకు కొత్తగా తెలిసేదేమీ లేదు, తెలియాల్సింది మన పక్కన కూర్చున్నవాళ్ళకే. ఆమేన్.